పక్కవాద్యం కావాలి

జూలై 6, 2025, ఆదివారం. తొలి ఏకాదశి

పక్కవాద్యం వాయించేవాళ్లని వెతికిపెట్టే యాప్ ఒకటి తయారుచెయ్యాలి. అందులో మొదటి మాట పక్కన కూర్చునేవాళ్లదే కావాలి. పుస్తకం మొదటి పేజీలో ఇదే రాసుకుంటున్నాను.

ఇవాళ పొద్దున పదకొండింటికి ఒక గాయని ఫోన్ చేసింది. సాయంత్రం ఆరున్నరకి గుళ్లో కచేరీ. మృదంగం వాయించాల్సినాయనకి జ్వరం. "అక్కా, ఎవరైనా ఉన్నారేమో చూడవా" అంది. వయొలిన్ నాదే కాబట్టి ఆ కచేరీ నా కచేరీ కూడా. ఇద్దరం చెరో పక్క ఫోన్లు పట్టుకు కూర్చున్నాం. ఒకాయన రాజమండ్రిలో ఉన్నాడు. ఒకాయన ఎత్తలేదు. మరొకాయన శిష్యుడి నంబరిచ్చాడు; ఆ శిష్యుడు ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్లిపోయాట్ట. వాట్సాప్ గుంపులో "అర్జెంటుగా మృదంగం కావాలి" అని పెడితే ఏకాదశి శుభాకాంక్షల కింద ఆ ముక్క కూరుకుపోయింది. చివరికి తెనాలిలో ఒక కుర్రాడు దొరికాడు. అతను అడిగిన మొదటి ప్రశ్న: "శ్రుతి ఎంతండీ?"

అయిదు. అతని దగ్గరున్నది తగ్గు శ్రుతి మృదంగం.

ఒకటో శ్రుతికి చేసిన మృదంగాన్ని అయిదుకి ఎక్కించలేం. మూతి చుట్టూ అల్లిన వారు మీద కర్రముక్క ఆనించి రాయితో పైనుంచి కొడితే కాస్త పెరుగుతుంది, కిందనుంచి కొడితే కాస్త తగ్గుతుంది. అంతకు మించి చర్మం మాట వినదు. ఆడవాళ్లు పాడే నాలుగున్నర, అయిదు, అయిదున్నరలకి పొట్టి మృదంగం విడిగా ఉండాలి. కుర్రాడు వాళ్ల గురువుగారిని అడిగి హెచ్చు శ్రుతిది పట్టుకుని బస్సెక్కాడు. ఆరుంబావుకి వచ్చి, ఎడమవైపు రవ్వ ముద్ద అద్దుకుని, శ్రుతి చేసుకుని, వేదిక మీదే గాయనికి నమస్కారం పెట్టాడు. వాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూడడం అదే మొదలు. తని ఆవర్తనం చాలా బాగా వాయించాడు.

మన కచేరీలో సాధారణంగా రిహార్సల్ ఉండదు. ఏ రాగం ఎత్తుకుంటారో, నెరవు ఎక్కడ మొదలుపెడతారో, ఏ ఎడుపులో స్వరాలు వేస్తారో అక్కడికక్కడ పట్టుకోవాలి. అంతటి పని చేసే మనిషిని వెతకడానికి మనకున్న సాధనం ఫోన్‌లో పేర్ల జాబితా ఒక్కటే. ఇది మారాలి.

జూలై 8, మంగళవారం

బయటి దేశాల్లో సంగీతకారుల్ని కలిపే యాప్‌లు ఏళ్లుగా ఉన్నాయి. ఆఫీసు పని అయ్యాక కూర్చుని చూశాను. వాంపర్‌లో సంగీతకారుల ముఖాలు ఒకటొకటిగా వస్తాయి. నచ్చితే ఒక పక్కకి తోస్తాం, లేకపోతే రెండో పక్కకి. ఇద్దరికీ నచ్చితే మాట్లాడుకోవచ్చు. సౌండ్‌బెటర్ స్టూడియో పనివాళ్ల బజారు. పాడేవాళ్లు, గిటారిస్టులు, మిక్సింగ్ ఇంజనీర్లు డబ్బు తీసుకుని ఎక్కడివాళ్లక్కడే ఉండి పని చేసి పంపుతారు. 2019లో దాన్ని స్పాటిఫై కొని, 2021లో మళ్లీ పెట్టినవాళ్లకే అమ్మేసింది. సింగపూరువాళ్ల బ్యాండ్‌ల్యాబ్‌లో ఒకరు వేసిన ట్రాకు మీద ఇంకో దేశంలో ఉన్నవాళ్లు తమ ట్రాకు కలుపుతారు.

మంచి పనితనం ఉన్న యాప్‌లే. అవి చేసిపెట్టే పనులు రెండు: కలకాలం నడిచే బ్యాండుకి మనిషిని వెతకడం, దూరం నుంచి రికార్డింగ్ చేయించుకోవడం. నాకు కావాల్సింది మూడోది. ఫలానా రోజు, ఫలానా ఊళ్లో, రెండున్నర గంటలు, ఒకే జంపఖానా మీద కూర్చునే మనిషి. ముఖం చూసి తోసే పద్ధతి ఇక్కడ అక్కరకు రాదు. తేదీ కుదరాలి, శ్రుతి కుదరాలి, ఊరు అందాలి. ఫొటో ఆ తర్వాత.

జూలై 10, గురువారం. గురుపూర్ణిమ

సత్యనారాయణపురంలో మా సంగీతం మాస్టారింటికి వెళ్లాను. పళ్లూ పంచా పెట్టి, దణ్ణం పెట్టుకుని, యాప్ సంగతి చెప్పాను. సాంతం విన్నారు. "రేడియోకి ఈ బాధ లేదమ్మా. నిలయ విద్వాంసుల్ని పెట్టుకుంది" అన్నారు.

నిజమే. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. వయొలిన్, మృదంగం, వీణ, వేణువు, ఘటం, అన్నిటికీ నెలజీతం మీద విద్వాంసులుండేవారు. ఊరినుంచి గాత్రం పాడేవాళ్లు ఒట్టి చేతులతో వచ్చినా స్టూడియోలో పక్కవాద్యం సిద్ధం. ఆ కొలువులు తగ్గిపోయాక ఆ భారం ఒక్కొక్క కళాకారుడి ఫోన్ మీద పడింది.

గ్రేడుల మాట వచ్చింది. ఆకాశవాణి గ్రేడులు బి, బి హై, ఏ, టాప్. యాప్‌లో అవి కనిపించాలా? "కనిపించాలి, కష్టపడి తెచ్చుకున్నవి" అన్నారు మాస్టారు. మరుక్షణమే, "గ్రేడు చూసి వరస పెట్టావంటే మాత్రం కొత్త పిల్లాడి పేరు ఎప్పటికీ పైకి రాదు" అన్నారు. కాబట్టి గ్రేడు ఒక వివరం. వెతుకులాటలో వరస తేల్చేవి తేదీ, శ్రుతి, దూరం, ఈ మూడే.

ఇంకోటి కూడా చెప్పారు. పక్కవాద్యం అని మనిషి మీద ముద్ర కొట్టెయ్యకు అని. ద్వారం వెంకటస్వామినాయుడుగారు పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌తో ఒక్కరే కచేరీ చేసి నిలబెట్టారు. బాలమురళిగారు పాడేవారు, వయొలిన్, వయోలా వాయించేవారు, మృదంగం, కంజీర వాయించేవారు. అలాంటాయన ఖాతా తెరవడానికి వస్తే మన ఫారంలో ఒక్క వాద్యానికే గడి ఉంటే ఎంత అన్యాయం! ఒక మనిషికి ఎన్ని వాద్యాలైనా, ఎన్ని పాత్రలైనా. డేటాబేసులో ఇది మొదటే సరిగ్గా పడాలి.

జూలై 13, ఆదివారం

ఆషాఢం. ముహూర్తాలు లేవు, మేళాలవాళ్లు ఇళ్లల్లో దొరుకుతారు. శ్రావణం వచ్చిందంటే పగలూ రాత్రీ పెళ్లిళ్లే. అందుకని ఇవాళే పొన్నూరు వైపు వెళ్లి ఒక సన్నాయి విద్వాంసుణ్ణి కలిశాను. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబు పేరెత్తగానే చేతులు జోడించాడాయన.

ఈయనకి ఒక్క మనిషితో పని లేదు. రెండు సన్నాయిలు, రెండు డోళ్లు, తాళం, శ్రుతి కలిస్తేనే మేళం. జట్టులో ఒక డోలు తగ్గితే ఆ ఒక్కటే కావాలి. ఒక్కోసారి జట్టు మొత్తం కావాలి. నేను గీసుకున్న బొమ్మలో "జట్టు" అనే వస్తువే లేదు, ఇవాళ చేర్చాను. డోలు, సన్నాయి శ్రుతి లెక్క కచేరీ మృదంగంలా ఉండదు. డోలుకి శ్రుతి గడి తీసేశాను. వేరే వరసలో సాగే కళని మన ఫారంలోకి ఇరికించకూడదు.

వెళ్లేముందు ఆయన అడిగాడు: "మా ఫోన్‌లో పనిచేస్తుందా అమ్మా?" చిన్న ఫోను, మెమరీ నిండిపోయి ఉంది. యాప్ సైజు ఎంత తక్కువైతే అంత మంచిది. యాప్ లేకపోయినా అభ్యర్థన ఎస్సెమ్మెస్‌లో అందాలి, "వస్తాను" అని ఒక్క అంకెతో జవాబివ్వగలగాలి.

జూలై 19, శనివారం

శ్రుతి గడి. పొద్దుటినుంచీ దీంతోనే సరిపోయింది, సంతోషంగానే ఉంది.

మనవాళ్లు శ్రుతిని హార్మోనియం మెట్ల లెక్కన చెప్తారు. తెల్లమెట్లు ఒకటి నుంచి ఏడు. నల్లమెట్లు అరలు. ఒకటంటే పాశ్చాత్యుల సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ. తర్వాత వెంటనే నాలుగు, ఎఫ్. మూడున్నర లేదు, ఎందుకంటే మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్య నల్లమెట్టు లేదు. నాలుగున్నర, అయిదు, అయిదున్నర, ఆరు, ఆరున్నర, ఏడు. ఆ తర్వాత ఏడున్నర కూడా లేదు. మొత్తం పన్నెండు. డిజైన్ చేస్తున్న నేస్తం అంకెలు వరసగా జరిపే స్లైడర్ పెట్టింది, అందులో మూడున్నర దగ్గర కూడా వేలు ఆగుతోంది. సంగీతం వచ్చినవాడు అది చూసిన క్షణాన యాప్ మీద నమ్మకం పోతుంది. స్లైడర్ తీసి హార్మోనియం మెట్ల బొమ్మే పెట్టాం. నొక్కితే తంబూర ఆ శ్రుతిలో మోగుతుంది. శ్రుతి అంకె తెలియని నిర్వాహకుడు కూడా గాయని చేత ఒకసారి "స" పాడించి, ఏ మెట్టో చూసుకోవచ్చు.

లోపల మాత్రం సున్నా నుంచి పదకొండు దాకా ఒట్టి అంకెలే. పైకి ఎవరి భాషలో వాళ్లకి. సినిమా ఆర్కెస్ట్రా కీబోర్డిస్టుకి "సి షార్ప్", హిందుస్తానీ తబలా వాయించేవాళ్లకి "కాలీ ఏక్", మా తెనాలి కుర్రాడికి "ఒకటిన్నర". మూడూ ఒకే మెట్టు. మృదంగానికి ఒక శ్రుతి సరిపోదు, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అని రెండంకెలు ఉండాలి. ఇంట్లో రెండు మృదంగాలుంటే రెండు వరసలు. వయొలిన్‌కి అంత ఇబ్బంది లేదు, తీగలు మేమే సర్దుకుంటాం.

జూలై 27, ఆదివారం

కూచిపూడి నేర్పే ఒక టీచరుగారితో మాట్లాడాను. ఆవిడ మాటలు ఇంకా మనసులోంచి పోలేదు. 

ఇరవై ఏళ్ల కిందట తన శిష్యురాలు ఎక్కడ ఆడినా వెనకాల మనుషులుండేవారుట. ఇప్పుడు పెన్‌డ్రైవ్. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు అంటే అయిదుగురు. అయిదుగురికి సంభావన, ప్రయాణం, భోజనం, దానికి తోడు రిహార్సల్స్. అమ్మాయి తల్లిదండ్రులు తట్టుకోలేక ట్రాకు పెట్టించేస్తున్నారు. ట్రాకు ఎవరికోసమూ ఆగదు. పిల్ల ఒక అడుగు తడబడితే నట్టువాంగం చెప్పే గురువు తాళాలతో అందుకుని మళ్లీ సమంలోకి తెస్తుంది. రికార్డింగు ముందుకి వెళ్లిపోతుంది. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచున నిలబడి పిల్ల వేసే జతికి మృదంగం బదులు పలకాలి. ఏ రోజుకారోజు ఆ ఇద్దరి మధ్య కొత్త మాట పుట్టాలి. ట్రాకు మీద ఆ బదులు ఎప్పుడో రికార్డయిపోయి ఉంటుంది.

అయిదుగురు కళాకారుల సాయంత్రం పోయింది. చూసేవాళ్లకి ఆ సంగతే తెలియదు. ఈ యాప్ వల్ల ఒక్క ఊళ్లోనైనా వాళ్లు మళ్లీ వేదిక మీద కూర్చుంటే చాలు.

ఒక దారి తోచింది. ఒకే వారంలో, దగ్గర దగ్గర ఊళ్లల్లో ఇద్దరు ముగ్గురు నర్తకులకి కార్యక్రమాలుంటే ఒకే బృందాన్ని పంచుకోవచ్చు. ప్రయాణ ఖర్చు పంచుకుంటారు, బృందానికి వరసగా పని దొరుకుతుంది. "ఈ తేదీకి దగ్గర్లో ఇంకెవరైనా బృందం పిలుస్తున్నారా" అనే ప్రశ్నకి యాప్ జవాబు చెప్పాలి. నాట్యానికి రిహార్సల్స్ ఎన్ని, ఎక్కడ, వాటికి విడిగా ఏమిస్తారు అనే గడులు కూడా. కచేరీ అభ్యర్థనలో ఆ గడులు అసలు కనిపించనే కూడదు.

ఆగస్టు 3, ఆదివారం

సంభావన. ఎవరు ముందు చెప్పాలి అన్నదే ప్రశ్న. కళాకారుడి చేత రేటు పెట్టిస్తే వారం తిరిగేసరికి అది వేలంపాట అవుతుంది, తక్కువకి వచ్చేవాడికే పిలుపు. పిలిచేవాళ్లే అంకె చెప్పాలి. అంకె లేని అభ్యర్థన ముందుకి కదలదు. "భగవంతుడి సేవ" అనుకుని ఉచితంగా వాయించే కార్యక్రమాలు ఉన్నాయి, వాటికి నేనూ వెళ్తాను. అక్కడ సున్నా అని ధైర్యంగా రాయాలి. వచ్చాక చెప్తాం అనే మాటకి ఇక్కడ చోటు లేదు. యాప్‌కి కమీషన్ ఉండదు.

నక్షత్రాలు కూడా ఉండవు. అయిదింటికి మూడున్నర చుక్కలు అని ఒక వైణికుడి పేరు పక్కన రాయడానికి నాకు మనసొప్పదు. కచేరీ అయ్యాక ఇద్దరినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడుగుతాం: మళ్లీ కలిసి వాయిస్తారా? జవాబు ఎవరికీ కనిపించదు. ఇద్దరూ అవునంటే వచ్చేసారి ఒకరికి ఒకరి పేరు ముందు కనిపిస్తుంది. పైకి కనిపించేది ఇద్దరూ ధ్రువపరిచిన కచేరీల పట్టిక.

ఆగస్టు 8, శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం

పేరంటానికి వచ్చిన వీణ వాయించే అక్కయ్య ఒక్క మాటలో తేల్చింది. "కచేరీ ఎక్కడన్నది కాదే, రాత్రి పదిన్నరకి నన్ను ఇంటికి ఎవరు చేరుస్తారన్నది చెప్పమను."

ఒక సభవాళ్లు ఆవిణ్ణి వీణతో సహా బస్టాండులో దింపి వెళ్లిపోయారుట. తిరుగు ప్రయాణం గడి తప్పనిసరి చేశాను: బండి ఎవరిది, ఎన్నింటికి, తోడు మనిషికి చోటుందా. అది నింపకపోతే అభ్యర్థన వెళ్లదు. ఫోన్ నంబర్లు ఇద్దరూ ఒప్పుకున్నాకే కనిపిస్తాయి. ఇంటి చిరునామా అసలు అడగం, ఊరు చాలు.

ఆగస్టు 16, శనివారం

ఖాతాలో ఒక నిమిషం వాయింపు వినిపించాలి. ఓపస్ పద్ధతిలో సెకనుకి 32 కిలోబిట్లతో పెడితే నిమిషానికి 240 కిలోబైట్లు. పల్లెటూరి సిగ్నల్‌కి కూడా భారం కాదు.

చిక్కు వేరేచోట ఉంది. ఫోన్లు మాటల కోసం తయారయ్యాయి. ఆగకుండా ఒకే తీరుగా వినిపించే దేన్నయినా చప్పుడనుకుని అణిచేస్తాయి. తంబూర శ్రుతి అలాంటిదే. ఇవాళ మాస్టారి ఆలాపన మామూలు రికార్డరులో తీస్తే శ్రుతి వస్తూ పోతూ ఉంది, మృదంగం తొప్పి మీద గుంకి సగానికి సగం తగ్గింది. ఆండ్రాయిడ్‌లో శుద్ధి చెయ్యని శబ్దాన్ని తీసుకునే వీలు ఉంది, అన్ని ఫోన్లలోనూ కాదు. ఉన్నచోట అదే వాడాలి. లేనిచోట చప్పుడు తగ్గించే పనీ, స్థాయి సరిచేసే పనీ వీలైనంత ఆపెయ్యాలి. రెండో రికార్డింగులో గుంకి కడుపులోంచి వచ్చినట్టు వినబడింది. మాస్టారు ఇయర్‌ఫోన్ తీసి, "ఇదీ" అన్నారు.

విద్యార్థుల సంగతి కూడా ఇవాళే తేల్చాను. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అదీ రుజువు చేయగలిగేలా. సంగీత కళాశాలలో చేరే పిల్లల్లో చాలామంది ఆ వయసువాళ్లే. గురువు మాట ఒక్కటీ సరిపోదు. తల్లిదండ్రుల నంబరు మీదే ఖాతా, అభ్యర్థనలన్నీ వాళ్లకే.

ఆగస్టు 24, ఆదివారం

న్యూజెర్సీ నుంచి ఒక తల్లి రాసింది. వాళ్లమ్మాయి పాడుతుంది, ఇక్కడి మృదంగంతో ఇంటర్నెట్ మీద కలిసి సాధన చేసే వీలుంటుందా అని.

లెక్క వేసి జవాబిచ్చాను. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. వేదిక మీద రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే ఆరు మిల్లీసెకన్లు. విజయవాడ నుంచి న్యూజెర్సీకి 13 వేల కిలోమీటర్ల పైమాట. గాజుతీగలో కాంతి సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి తిన్నగా తీగ వేసినా వెళ్లడానికే 65 మిల్లీసెకన్లు, వచ్చేసరికి 130. నిమిషానికి 80 దెబ్బల తాళంలో ఒక దెబ్బకి 750, దానిలో నాలుగో వంతు 187. ఆ సందులో మూడింట రెండొంతులు దారిలోనే పోతుంది. జామ్యులస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఒకే ఊరివాళ్లకి బాగా పనికొస్తాయి, సముద్రం దాటించలేవు. 

అయినా ఆ అమ్మాయికి మన యాప్‌తో పని ఉంది. ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచీ త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, అక్కడ పాడుతూ పెరిగిన పిల్లలు డిసెంబరు, జనవరి సెలవుల్లో ఇక్కడికి వస్తారు. వచ్చే తేదీలు ముందే పెట్టుకుంటే, ఇక్కడి పక్కవాద్యాలు నెలరోజుల ముందు నుంచే సిద్ధం.

ఆగస్టు 30, శనివారం

మొదట విజయవాడ, గుంటూరు, తెనాలి, మచిలీపట్నం. ఇంతే. హైదరాబాదు, విశాఖ పెడదామని నేస్తం అంటోంది. ఊరికి ఇద్దరేసి పేర్లున్న యాప్ తెరిచినవాడు మళ్లీ తెరవడు. ఈ నాలుగు ఊళ్లూ నిండాకే మిగతావి. 

సెప్టెంబరు 22న నవరాత్రులు మొదలు. ఇంద్రకీలాద్రి కిందా, ప్రతి గుళ్లోనూ కచేరీలు, హరికథలు, కూచిపూడి. ఒకే సాయంత్రం ఒకే మృదంగానికి ముగ్గురు ఫోన్ చేసే కాలం. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు ప్లే స్టోర్‌లో యాప్ పెట్టాలంటే పన్నెండు మందితో పద్నాలుగు రోజులు ఆపకుండా పరీక్ష చేయించాలి. కట్టాల్సిన 25 డాలర్లు కట్టేశాను. పరీక్షకి మాస్టారు, తెనాలి కుర్రాడు, పొన్నూరు మేళం, వీణక్కయ్య, నాట్యం టీచరుగారు, వాళ్లవాళ్లూ ఒప్పుకున్నారు.

ఇవాళ మొదటి అసలు అభ్యర్థన నడిపి చూశాం. హరికథ భాగవతారుగారికి నవరాత్రుల్లో అయిదో రోజు వయొలిన్ కావాలి, శ్రుతి రెండు. గుడి నిర్వాహకుడు సంభావన రాశాడు, తిరుగు ప్రయాణం వదిలేశాడు. యాప్ ఆపేసింది. ఆయన నాకు ఫోన్ చేసి, "ఇది ముందుకి వెళ్లట్లేదమ్మా" అన్నాడు. కారు ఏర్పాటు చేస్తామని నింపాకే వెళ్లింది. ముగ్గురికి అందింది. ఇద్దరు వస్తామన్నారు, ఒకరు ఎస్సెమ్మెస్‌లో. ఇద్దరిలో ఎవరన్నది భాగవతారుగారు ఒక్కో నిమిషం విని తేల్చుకుంటారు, యాప్ అందులో వేలు పెట్టదు. రెండో వయొలినిస్టుకి వెళ్లే వాక్యం ఇంకా కుదరలేదు. "ఎంపిక కాలేదు" అని నేస్తం రాసింది, కొట్టేశాను. ఆ మనిషి తేదీ ఖాళీ చేసుకుని వస్తానన్నాడు. ఆ రోజుకి దగ్గర్లో ఉన్న మరో పిలుపు ఏదైనా ఉంటే అదే సందేశంలో చూపించాలి. రేపు పొద్దున్నే దీనితో మొదలుపెట్టాలి.